బ్యాంకాక్‌లో అన్నం తిన్నారా?

గ్రాండ్ ప్యాలెస్ చూశారు. ప్రతునామ్‌లో బట్టలు కొన్నారు. చావో ఫ్రాయా నదిలో పడవెక్కారు. మరి భోజనం? టూరు వాళ్లు చూపించిన హోటల్లో పూరీ, పప్పు, బటర్ చికెన్! చాలామంది తెలుగు పర్యాటకుల బ్యాంకాక్ యాత్ర ఇలాగే ముగుస్తుంది. ప్రపంచం నలుమూలల నుంచీ జనం కేవలం తినడానికే వచ్చే ఊరది. అక్కడిదాకా వెళ్లి ఆ రుచి చూడకుండా తిరిగొస్తే ఎలా?

'కిన్ ఖావ్ రు యాంగ్?'
థాయ్‌లాండ్‌లో తెలిసినవాళ్లు ఎదురైతే వినిపించే పలకరింపు ఇది. 'అన్నం తిన్నారా?' అని అర్థం. అచ్చం మన 'భోంచేశారా' లాంటిదే. 'ఖావ్' అంటే అన్నం. వాళ్లకీ అన్నమే భోజనం, మిగతావన్నీ అందులో నంజుకునేవే. అన్నం మధ్యలో పెట్టుకుని నాలుగైదు రకాలు తెప్పించుకుని ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. కుడిచేత్తో చెంచా పట్టుకుని, ఎడమచేతిలోని ఫోర్కుతో అన్నాన్ని దాంట్లోకి తోసుకుంటారు. చాప్‌స్టిక్స్ నూడుల్స్‌కి మాత్రమే.

చింతపండు, కొబ్బరిపాలు, తాటిబెల్లం, నిమ్మగడ్డి... దినుసుల్లో సగం మనకు తెలిసినవే. అల్లం జాతికే చెందిన దుంపరాష్ట్రం లేనిదే వాళ్లకు పులుసు లేదు. ఇక మిరపకాయ సంగతి సరేసరి. దక్షిణ అమెరికాలో పుట్టి, పోర్చుగీసు వర్తకుల పుణ్యమా అని పదహారో శతాబ్దంలో ఆసియాకి చేరిన మిరప అటు థాయ్‌లాండ్‌నీ ఇటు ఆంధ్రదేశాన్నీ ఒకేలా లొంగదీసుకుంది. కారంలో మనకు తీసిపోని వాళ్లెవరైనా ఉన్నారంటే వాళ్లే!

ఒకరికి ఒకటే వంటకం
బ్యాంకాక్‌లో మంచి హోటల్ ఏది అని అడిగితే అక్కడివాళ్లు ఎదురు ప్రశ్న వేస్తారు... 'ఏం తినాలి?' అని. ఎందుకంటే అక్కడ పేరున్న చోట్లలో చాలావాటికి పేరు తెచ్చింది ఏదో ఒక్క వంటకమే. ఒకరు నూడుల్స్ మాత్రమే చేస్తారు. ఇంకొకరిది కోడిమాంసంతో అన్నం. పక్కనామె మామిడిపండ్లు తప్ప మరొకటి అమ్మదు. అదే పని ఇరవై, ముప్ఫై ఏళ్లు. తర్వాత కొడుకో కూతురో అందుకుంటారు. మెనూ కార్డు ఎంత పొడుగ్గా ఉంటే అంత అనుమానించాలన్నమాట!

ఇలాంటి చోట్లను వెతికిపెట్టే పని థాయ్‌లాండ్‌లో 1961లోనే మొదలైంది. రాజవంశీకుడైన థనాడ్‌శ్రీ స్వస్తి ఊరూరా తిరిగి, రుచి బాగున్న దుకాణాలకు షెల్ పెట్రోలు కంపెనీ తరఫున 'షెల్ చువన్ చిమ్' గుర్తు ఇచ్చేవారు. బండివాడైనా సరే, వంట బాగుంటే చాలు. ఆయన 2019లో కన్నుమూశారు. పాత దుకాణాల ముందు ఆకుపచ్చ గిన్నె బొమ్మ ఇప్పటికీ కనిపిస్తుంటుంది. విదేశీ అతిథికి అది మంచి ఆనవాలు.

రాత్రయితే యావరాత్
1782లో బ్యాంకాక్ రాజధాని అయినప్పుడు, కోట కట్టబోయే చోట ఉన్న చైనా వర్తకుల్ని కాస్త దూరం జరిపారు. వాళ్లు స్థిరపడ్డ సాంపెంగ్ పక్కనే పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వేసిన వీధి యావరాత్. పగలు బంగారం దుకాణాలు, పొద్దుగూకితే పొయ్యిలు! సాయంత్రం ఆరు దాటాక దారి పొడవునా బళ్లు వెలుస్తాయి. మిరియాల ఘాటుతో ఉండే చుట్టల నూడుల్స్‌కి నాయ్ ఎక్, ఆల్చిప్పల అట్టుకి దగ్గర్లోని నాయ్ మాంగ్ ప్రసిద్ధి. నిప్పు ఎగసిపడే బాణలిలో క్షణాల్లో వేయించి ఇచ్చే ఆకుకూర ఒకటుంది. పేరు 'ఫక్ బుంగ్'. తీరా చూస్తే మన తూటికూరే! 2019లో వాట్ మంగ్‌కోన్ మెట్రో స్టేషన్ మొదలయ్యాక ఇక్కడికి చేరుకోవడం తేలికైంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి... సోమవారం చాలా బళ్లు ఉండవు.

దెయ్యాల గుమ్మం దగ్గర
పాత కోట గోడకు ఒకప్పుడు శవాలను బయటికి తీసుకెళ్లే ద్వారం ఉండేది. 'ప్రతూ ఫీ', అంటే దెయ్యాల ద్వారం. ఆ దగ్గర్లోని మహాచాయ్ రోడ్డులోనే 'థిప్ సమయ్' ఉంది. మన మాటల్లో చెప్పాలంటే దివ్య సమయం! బియ్యపు నూడుల్స్, చింతపండు, తాటిబెల్లం, రొయ్యలు, పెసర మొలకలు, వేయించిన వేరుసెనగపప్పు కలిపి చేసే 'పాడ్ థాయ్'ని పల్చటి గుడ్డు అట్టులో పొట్లంలా చుట్టివ్వడం వీళ్ల ప్రత్యేకత.

ప్రపంచమంతా థాయ్ వంట అనగానే తలుచుకునే పాడ్ థాయ్ నిజానికి అంత పాతదేం కాదు. 1930ల చివర్లో, 40లలో ప్రధాని ఫిబున్ సాంగ్‌ఖ్రామ్ దేశమంతటినీ ఒక్క తాటిపైకి తేవాలన్న పట్టుదలతో ప్రచారంలోకి తెచ్చిన వంటకమిది. నూడుల్స్ చేసే పద్ధతి చైనాది, రుచి మాత్రం థాయ్‌ది.

ఆ పక్కనే జే ఫై దుకాణం. కళ్లకు పెద్ద అద్దాలు పెట్టుకుని, బొగ్గుల పొయ్యి ముందు నిలబడి పీతల ఆమ్లెట్ వేసే వృద్ధురాలిగా ఆమె ప్రపంచానికి తెలుసు. 2017 డిసెంబరులో వెలువడిన తొలి బ్యాంకాక్ మిషెలిన్ గైడ్ ఆమెకు నక్షత్రం ఇచ్చింది. ఆ తర్వాత గంటల తరబడి క్యూలు! ఆమ్లెట్ ధర వెయ్యి బాత్‌లకు పైమాటే. బండి దగ్గర ప్లేటు భోజనం మామూలుగా వంద బాత్‌ల లోపే వచ్చే ఊళ్లో అది చాలా ఎక్కువ. పేరు కోసమైతే వెళ్లొచ్చు. ఆకలి కోసమైతే ఇంకా చాలా గుమ్మాలున్నాయి.

ఈశాన్ రోలు
థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతాన్ని 'ఈశాన్' అంటారు. మన సంస్కృత పదమే. వానలు సరిగా పడని ఆ నేల నుంచి పనుల కోసం లక్షలమంది బ్యాంకాక్ చేరారు. టాక్సీ నడిపేవాళ్లు, మేడలు కట్టే కూలీలు, ఇళ్లలో పనిచేసేవాళ్లు... వాళ్ల వెంటే వాళ్ల రోలూ వచ్చింది. పచ్చి బొప్పాయి కోరు, అలసంద కాయలు, టమాటా, వెల్లుల్లి, మిరపకాయలు, నిమ్మరసం రోట్లో వేసి దంచితే 'సోమ్ తమ్'. సోమ్ అంటే పులుపు, తమ్ అంటే దంచడం. రోటిపచ్చడి తిని పెరిగినవాళ్లకి ఆ చప్పుడు వింటేనే నోరూరుతుంది. దానికి తోడు చిన్న బుట్టలో జిగురన్నం, కాల్చిన కోడి. లుంపినీ పార్కు దగ్గరి సోయి పోలోలో వేయించిన వెల్లుల్లి చల్లి ఇచ్చే కోడివేపుడుతో సోమ్ తమ్ తినడానికి ఆఫీసు ఉద్యోగులు బారులు తీరతారు. సోయి అంటే సందు. 'మిరపకాయలు ఎన్ని?' అని అడిగితే మన పౌరుషానికి పోకుండా రెండుతో మొదలుపెట్టడం మంచిది!

మధ్యాహ్నం కూరన్నం
మన కర్రీ పాయింట్ల లాంటివి అక్కడా ఉన్నాయి. వరసగా గిన్నెల్లో కూరలు పెట్టుకుంటారు. వేలుపెట్టి చూపిస్తే అన్నం మీద రెండు రకాలు వేసిస్తారు. 'ఖావ్ కేంగ్' అంటారు. భాష రాకపోయినా ఇబ్బంది లేదు. 1900లో మొదలైన నాంగ్ లోంగ్ మార్కెట్ ఈ కూరన్నానికి పెట్టింది పేరు. మధ్యాహ్నం దాటితే గిన్నెలు ఖాళీ. కొబ్బరిపాల పచ్చకూరలో బఠాణీల్లా తేలేవి మన ఉస్తికాయలే.

శుభ్రత గురించి బెంగపడేవాళ్లకు చాతుచక్ వారాంతపు సంత పక్కనున్న ఓర్ టోర్ కోర్ మార్కెట్ సరైన చోటు. మెట్రోలో కామ్‌ఫేంగ్ ఫెట్ స్టేషన్‌లో దిగితే చాలు. మేలైన పండ్లు, వండిన కూరలు, కూర్చుని తినేందుకు బల్లలు అన్నీ ఉంటాయి. ధర మాత్రం బయటికంటే ఎక్కువ.

ఏ సందులోకి వెళ్లినా దొరికేది 'పాడ్ క్రపావ్'. మాంసం తరుగును మిరప, వెల్లుల్లితో వేయించి చివర్లో గుప్పెడు ఆకు వేస్తారు. ఆ ఆకు మరేమిటో కాదు, తులసి! మన పెరటి కోటలో పూజలందుకునే మొక్క అక్కడ బాణలిలో ఘుమఘుమలాడుతుంది. పైన వేసే గుడ్డును 'ఖాయ్ దావ్' అంటారు, అంటే నక్షత్రపు గుడ్డు.

శాకాహారులూ... జాగ్రత్త!
కూరగాయల వంటకమే కదా అని నమ్మేయకూడదు. థాయ్ వంటలో ఉప్పు చాలావరకు 'నామ్ ప్లా' రూపంలోనే పడుతుంది. ఉప్పులో ఊరబెట్టిన చేపల నుంచి తీసే రసమది. కూర ముద్దల్లో పులియబెట్టిన చిన్నరొయ్యలు కలుస్తాయి. అందుకని శాకాహారులు వెతకాల్సింది పసుపు జెండా. దానిమీద ఎర్రరంగులో మన కంటికి '17' అంకెలా కనిపించే అక్షరాలుంటాయి. 'జే' అని చదవాలి. ఆ గుర్తున్నచోట మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. ఏటా సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో తొమ్మిది రోజులపాటు జరిగే జే పండుగ సమయంలో యావరాత్ అంతా ఈ పసుపు జెండాలే. శాకాహార కుటుంబం బ్యాంకాక్ వెళ్లడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. మామూలు రోజుల్లో 'కిన్ జే' అంటే అర్థం చేసుకుంటారు. 'మాయ్ సాయ్ నామ్ ప్లా' అంటే చేపరసం వెయ్యొద్దని. 'మాయ్ ఫెట్' అంటే కారం వద్దని. ఇక వేరుసెనగ, రొయ్యలు పడనివాళ్లు ఆర్డరిచ్చేముందే అడిగి తెలుసుకోవాలి.

పిల్లలతో వెళ్తే
ఎండలో, రద్దీలో పిల్లలు చిరాకుపడితే షాపింగ్ మాళ్లలోని ఫుడ్ కోర్టులున్నాయి. అసోక్ స్కైట్రైన్ స్టేషన్‌ను ఆనుకుని ఉన్న టెర్మినల్ 21లోని 'పియర్ 21' తక్కువ ధరలకు పేరుపడింది. ముందుగా డబ్బు కట్టి కార్డు తీసుకుని, తిన్నాక మిగిలింది వెనక్కి తీసుకోవచ్చు. కారం తినలేని చిన్నారులకు 'ఖావ్ మన్ కాయ్' ఉంది. ఉడికించిన కోడి, ఆ రసంలోనే వండిన అన్నం. ప్రతునామ్‌లో గులాబీరంగు చొక్కాలవాళ్లు వడ్డించే గో ఆంగ్ దుకాణం దీనికి ప్రసిద్ధి. బట్టల బేరాలు ముగించుకుని నడిచి వెళ్లొచ్చు.

ఏప్రిల్, మే నెలల్లో అయితే మామిడిపండుతో జిగురన్నం తినాల్సిందే. థాంగ్ లో స్టేషన్ దగ్గరి మే వారీ దుకాణంలో పండ్లు రాశులు పోసి ఉంటాయి. జిగురన్నంలో తియ్యని కొబ్బరిపాలు, చిటికెడు ఉప్పు. బంగినపల్లి రసాన్ని అన్నంలో కలుపుకుని తినే ఇళ్లవాళ్లకి ఇదేం కొత్త కాదు.

బండి ఎంచుకోవడానికి ఒకటే సూత్రం. స్థానికులు గుంపుగా నిలబడి ఉన్నారా, కళ్లముందే పొయ్యిమీద నుంచి తీసి ఇస్తున్నారా చూడాలి. మధ్యలో రంధ్రంతో గొట్టంలా ఉండే ఐసు ఫ్యాక్టరీలో తయారైంది.

కాలిబాట ఎవరిది?
ఇంత రుచినీ పండిస్తున్న బండికి మాత్రం నిలవడానికి చోటు కరవవుతోంది. 2014లో సైనిక ప్రభుత్వం వచ్చాక 'కాలిబాటలు పాదచారులకే' అంటూ నగరపాలక సంస్థ బళ్లను ఖాళీ చేయించడం మొదలుపెట్టింది. రాత్రిపూట తిండికి పేరుపడిన సుఖుంవిత్ 38వ సందు ఆ రోజుల్లోనే కళ తప్పింది. స్థలం చేతులు మారి, కొందరు దగ్గర్లోని ఒక భవనం కిందకు మారిపోయారు. 2017 ఏప్రిల్‌లో నగరమంతటా బళ్లు ఉండవన్న వార్త రాగానే ప్రపంచవ్యాప్తంగా గగ్గోలు పుట్టింది. యావరాత్, ఖావోశాన్ వీధుల్ని మినహాయిస్తామని, నియమాలు పెడతామని అధికారులు సర్దిచెప్పారు. అదే ఏడాది డిసెంబరులో జే ఫైకి నక్షత్రం వచ్చింది!

అధికారుల వాదనలోనూ న్యాయం లేకపోలేదు. ఇరుకు బాటల్లో చక్రాల కుర్చీలో వెళ్లేవాళ్లకు దారి ఉండదు. నూనె, ఎంగిలి నీళ్లు కాలువల్లోకి పోతాయి. తర్వాత వచ్చిన పాలకులు సింగపూర్ తరహాలో ఒకేచోట బళ్లన్నీ చేర్చే ఆలోచన ముందుకు తెచ్చారు. కానీ సందు చివర బండి పోతే ముందుగా నష్టపోయేది పర్యాటకుడు కాదు. అక్కడే పొద్దున పలహారం, రాత్రి భోజనం చేసే కాపలాదారు, సేల్స్‌గర్ల్, టాక్సీ డ్రైవర్. చాలా చిన్న అద్దె గదుల్లో వంటిల్లే ఉండదు. వాళ్ల వంటిల్లు ఆ బండే.

2024 నవంబరులో దక్షిణ థాయ్ వంటలు వడ్డించే 'సోర్న్' మూడు మిషెలిన్ నక్షత్రాలు పొందిన తొలి థాయ్ రెస్టారెంటుగా నిలిచింది. ఆ మరుసటి నెలలోనే పుల్లపుల్లగా, కారంకారంగా ఉండే రొయ్యల పులుసు 'టోమ్ యమ్ కుంగ్'కి యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చోటు దక్కింది. గౌరవాలు పైన అందుతున్నా, ఆ రుచి రోజూ బతికేది మాత్రం వీధిలోనే.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానమెక్కితే నాలుగు గంటలు పట్టదు. ఈసారి వెళ్లినప్పుడు ఒక్క పూటైనా టూరు భోజనం మానేసి, ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చోండి. మీరిచ్చే అరవయ్యో డెబ్భయ్యో బాత్‌లు ఆ పొయ్యి మరో రోజు వెలగడానికి పనికొస్తాయి. 'కిన్ ఖావ్ రు యాంగ్' అని ఎవరైనా అడిగితే, 'తిన్నాం' అని నిజంగా చెప్పొచ్చు.