వయోజన విద్యలో వికలాంగుల హక్కు

బాల్యమున బడికి నోచుకొనక నలువదవయేట అక్షరములు దిద్దబూనినవారును, సంసారభారముచే నడుమ నిలిచిన చదువును సార్వత్రిక విశ్వవిద్యాలయము ద్వారా ముగింపదలచినవారును, మధుమేహముచేతనో ప్రమాదముచేతనో చూపు గాని చేతిపట్టు గాని కోల్పోయి మరియొక వృత్తివిద్య నేర్వవలసి వచ్చినవారును మన మధ్య ఎందరో కలరు. వీరిలో వికలాంగులైనవారు తరగతిలో ఏమి కోరవచ్చునో తెలుపువారు మాత్రము అరుదు. పిల్లవాని పక్షమున తల్లిదండ్రులు మాటాడుదురు. పెద్దవాడు తనకై తానే నోరు విప్పవలెను, అందులకే అతడు సంకోచించును.

2016లో పార్లమెంటు ఆమోదింపగా 2017 ఏప్రిల్ 19 నుండి అమలునకు వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. అందలి 31వ సెక్షను ఉచితవిద్యను 6 మొదలు 18 ఏండ్లవారికే పరిమితము చేసినది. ఆ వయస్సు దాటినవారిని స్మరించినది 18వ సెక్షను: వయోజన విద్యయందును, నిరంతర విద్యయందును వికలాంగులు ఇతరులతో సమానముగా పాల్గొనునట్లు చూచుట ప్రభుత్వములకును స్థానికసంస్థలకును విధి. ఇంతటి విషయమునకు ఒక్క వాక్యమే దక్కినందున, దానిని తక్కిన చట్టముతో కలిపి చదువుట అవసరము.

అట్లు చదివినపుడు ప్రాణప్రదముగా తోచునది, సంస్థపై మితిమీరిన భారము పడకుండ ఒక్కొక్కరి అవసరమును బట్టి చేయదగిన సవరణ. చూపులేనివారికి పాఠమును బ్రెయిలీలోనో ధ్వనిరూపముననో ఇచ్చుట, వినికిడి లేనివారికి సంజ్ఞాభాషలో వివరించువారిని నియమించుట, చక్రాలకుర్చీలో వచ్చువారికై మేడమీది తరగతిని క్రిందికి మార్చుట, వ్రాయజాలనివారికి పరీక్షలో వారి బదులు వ్రాయు స్క్రైబు నొసగుట ఇట్టివి. స్క్రైబుకు అర్హులైనవారికి గంటకు 20 నిమిషములకు తక్కువ కాని అదనపు సమయము ఈయవలెనని 2018లో కేంద్రము వ్రాతపరీక్షల మార్గదర్శకములలో తెలిపినది. ఇట్టి సవరణను నిరాకరించుటయే వివక్షయని చట్టము నిర్వచించినది. కనుక ఇది ఎవరి దయాదాక్షిణ్యములకును సంబంధించినది కాదు.

వైకల్యమును ధ్రువీకరించు సదరం సర్టిఫికెట్టులో వైకల్యము 40 శాతము లేనిచో ఏ హక్కును లేదను భ్రమ మన పల్లెలలోనే గాక కార్యాలయములలోను వేళ్లూనుకొని యున్నది. ఉన్నతవిద్యలో 5 శాతము రిజర్వేషనునకు ఆ కొలత వర్తించును, నిజమే. కాని వ్రాయుచుండగా చేతికండరములు బిగిసికొనిపోవు వ్యాధిగల సివిల్ సర్వీసు అభ్యర్థికి స్క్రైబును నిరాకరించిన వ్యవహారమున, సదుపాయము పొందుటకు 40 శాతము షరతు కాజాలదని 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తదనుగుణముగా 2022లో కేంద్రము వేరుగా మార్గదర్శకములు వెలువరించినది. వైకల్యము శాతములకు లోబడినను అవసరము లోబడదు గదా. చట్టపు ఆశయమును ఇంత సూటిగా గ్రహించిన తీర్పులు కొన్నియే.

కావున చేరికనాడే తన అవసరమును వ్రాతపూర్వకముగా తెలిపి, ముట్టినట్లు సంతకము చేయించుకొని, ప్రతిని భద్రపరచుకొనుట మేలు. పరీక్ష ముంగిట అడిగినచో ఏర్పాటునకు వ్యవధి చాలదు. సంస్థ పెడచెవిన పెట్టినచో వికలాంగుల రాష్ట్ర కమిషనరునకు ఫిర్యాదు చేయవచ్చును. కమిషనరు సిఫారసు అందిన 3 నెలలలోగా సంబంధితాధికారి తీసికొన్న చర్యను నివేదింపవలెను; అంగీకరింపనిచో కారణములను ఆ గడువులోనే కమిషనరునకు తెలిపి, ఫిర్యాదుదారునకును ఎరిగింపవలెను.