కొలత తప్పని కంపెనీ

20.5 గ్రాముల ఓఆర్ఎస్ పొడి, లీటరు నీళ్లు. విరేచనాలతో వడలిపోయిన బిడ్డను మళ్లీ లేపి కూర్చోబెట్టడానికి ఇంత చవకైన, ఇంత నమ్మకమైన వైద్యం మరొకటి లేదు. ఆ పొడిని ఊరూరా అమ్మి, మిగిలిన లాభాన్ని తిరిగి జనారోగ్యానికే ఖర్చుపెడుతున్న సంస్థ ఒకటి బంగ్లాదేశ్‌లో ఉంది. ‘ఎలక్ట్రోలైట్’ పేరుతో రంగురంగుల డబ్బాలు మన కొట్లను నింపేస్తున్న ఈ రోజుల్లో, ఆ సంస్థ నడిచిన దారి మనకూ తెలియాలి.

శిబిరంలో తేలిన నిజం

1971. తూర్పు పాకిస్థాన్‌లో యుద్ధం. ప్రాణాలు అరచేత పట్టుకుని లక్షలమంది పశ్చిమ బెంగాల్‌లోకి వచ్చారు. బొంగావ్ శిబిరంలో కలరా విరుచుకుపడింది. నరానికి ఎక్కించే సెలైన్ సీసాలు ఎన్ని తెచ్చినా చాలడం లేదు. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఓ సాహసం చేశారు. ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కొలిచి పొట్లాలు కట్టించారు. డ్రమ్ముల నీళ్లలో కలిపించి, రోగుల పక్కనున్న అయినవాళ్లనే తాగించమన్నారు. ముప్ఫై శాతం దాకా ఉన్న మరణాలు, ఆయన బృందం చూసిన రోగుల్లో 3.6 శాతానికి దిగాయి.

ఈ ద్రావణం కలరాకు పనిచేస్తుందని ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ 1968లోనే చూపించారు. అయితే నర్సులూ డాక్టర్లూ లేనిచోట కూడా అది పనిచేస్తుందని తేల్చింది బొంగావ్. 1978లో లాన్సెట్ పత్రిక ఈ చికిత్సకు మూలమైన శాస్త్రాన్ని ఆ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య ఆవిష్కరణ కావచ్చని రాసింది. మహలనబిస్ 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది కేంద్రం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది.

రహస్యమంతా పేగు గోడలో ఉంది. సోడియాన్నీ గ్లూకోజ్‌నీ జంటగా లోపలికి లాక్కునే ఏర్పాటు అక్కడ ఉంటుంది. ఆ రెండూ లోపలికి వెళితే నీరూ వాటి వెంటే వెళుతుంది. కలరా సోకినా ఆ దారి మూసుకుపోదు. కాకపోతే రెండూ సరైన పాళ్లలో ఉండాలి.

గుప్పెడు బెల్లం, మూడువేళ్ల ఉప్పు

బంగ్లాదేశ్ ఏర్పడ్డాక అసలు పని మొదలైంది. ఫజ్లే హసన్ అబేద్ స్థాపించిన బ్రాక్ సంస్థ 1980 నుంచి పదేళ్లపాటు మహిళా కార్యకర్తలను ఇంటింటికీ పంపింది. గుప్పెడు బెల్లం, మూడువేళ్లకు వచ్చినంత ఉప్పు, అరసేరు నీళ్లు. తల్లి ఎదుటే కలిపి చూపించి, ఆమె చేత కలిపించేవాళ్లు. కొన్నాళ్లకు మరొకరు వెళ్లి ఆ తల్లికి ఎంత గుర్తుందో అడిగేవారు. ఆమె జ్ఞాపకాన్ని బట్టే కార్యకర్తకు డబ్బు ముట్టేది. అలా కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లకు ఆ విద్య చేరింది.

కొట్టులో దొరికితేనే మందు

అర్ధరాత్రి బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే సర్కారు ఆసుపత్రి దూరం. దగ్గర్లో ఉండేది కిరాణా కొట్టే. సోషల్ మార్కెటింగ్ కంపెనీ, అంటే ఎస్ఎంసీ, పట్టుకున్నది ఈ సంగతే. 1974లో కుటుంబ నియంత్రణ సాధనాలను తక్కువ ధరకు అందించే ప్రాజెక్టుగా మొదలైన ఈ సంస్థ, 1985లో ‘ఓఆర్‌శాలైన్’ పేరుతో ఓఆర్ఎస్ పొట్లాలను మార్కెట్లోకి తెచ్చింది. 1990లో లాభాపేక్ష లేని కంపెనీగా మారింది. 2014లో వ్యాపారం చూసుకోవడానికి ఓ అనుబంధ కంపెనీ పెట్టింది. దాని సంపాదన మాతృసంస్థ చేసే ఆరోగ్య కార్యక్రమాలకు ఆసరా.

ఉచితంగా పంచకుండా ఎందుకు అమ్మాలి? కొట్టువాడికి పైసో పరకో మిగిలితేనే సరుకు తెప్పిస్తాడు. సరుకు ఉంటేనే తల్లికి దొరుకుతుంది. అందుకని ధరను పేదవాడికి అందేంతలో ఉంచి, దుకాణదారుకు కాస్త మిగిలేలా చూశారు. పొట్లాన్ని కూడా అరలీటరుకు సరిపోయేలా 10.25 గ్రాములతో కట్టారు. ఇంట్లో ఉన్న చిన్న పాత్రలో కలుపుకోవచ్చు, వృథా తక్కువ. ఇంట్లోనే చేసుకోవడం తెలిసిన జనమే ఆ పొట్లాన్నీ కొన్నారు. విరేచనాలకు ఓఆర్ఎస్‌ను ఎక్కువగా వాడే దేశాల్లో ఇప్పుడు బంగ్లాదేశ్ ఒకటి.

తీపి పెరిగితే ముప్పే

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన సూత్రం ఇదీ: లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. లీటరు కోలాలో నూరు గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. అంత చక్కెర పేగులోకి చేరితే ఒంట్లోని నీటినే అటు లాగుతుంది, విరేచనాలు ఇంకా ముదురుతాయి. తీపి పెంచితే అమ్మకం పెరగొచ్చు. మూల్యం చెల్లించేది మాత్రం బిడ్డ.

తీపి నీళ్లను మందుగా అమ్మే మోసాన్ని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి ఎండగట్టారు. చక్కెర ఎక్కువున్న పానీయాలపై ‘ఓఆర్ఎస్’ అని రాసి అమ్మడం ఆపాలని కోర్టు మెట్లూ ఎక్కారు. ఆహార భద్రత ప్రమాణాల సంస్థ చివరికి 2025 అక్టోబరు 14న కదిలింది. 2022లో, 2024లో తానిచ్చిన అనుమతులను వెనక్కి తీసుకుని, సూత్రానికి సరిపోని పానీయాల పేరులో ఆ మాట కనిపించకూడదని ఆదేశించింది. ఓ హైదరాబాద్ డాక్టరమ్మ పట్టుదల దేశంలోని పిల్లలందరికీ కాపుగా నిలిచింది.

కొనేముందు, కలిపేముందు

* ప్యాకెట్‌పై ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ఉందో లేదో చూడాలి.
* చెప్పినన్ని నీళ్లే పోయాలి. పాలు, పళ్లరసం, అదనపు చక్కెర కలపకూడదు. 24 గంటలు దాటితే పారబోయాలి.
* ప్యాకెట్ దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపాలి.
* కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ఎండకు అలసినప్పుడు హాయే, విరేచనాలకు ఓఆర్ఎస్‌కు సాటిరావు.
* పిల్లలకు డాక్టరు చెప్పిన మోతాదులో 10 నుంచి 14 రోజులు జింక్ కూడా వేయాలి. మూత్రం ఆగినా, బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మనం అడగాల్సింది

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో విరేచనాలైన పిల్లల్లో ఓఆర్ఎస్ అందింది సుమారు 60 శాతం మందికే. మిగిలినవాళ్లకు చేరడానికి కొత్త మందేమీ కనిపెట్టక్కర్లేదు. నిజాయతీగా తయారుచేసి, పేదలకు అందే ధరకు, మారుమూల తండా కొట్టుదాకా చేర్చే కంపెనీలు కావాలి. సామాజిక బాధ్యత అంటే ఏడాదికోసారి చెక్కు రాసివ్వడం కాదు. పొడిలో కొలత తప్పకపోవడం, పేరులో అబద్ధం చెప్పకపోవడం, ‘ఇంట్లోనూ చేసుకోవచ్చు’ అని కొనేవాళ్లకు తనే నేర్పగలగడం. ఆ మూడూ ఉన్న కంపెనీకే మన డబ్బు దక్కాలి. లేనిదాన్ని కొట్లోనే వదిలేసే హక్కు ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది. దాన్ని వాడుకుందాం.