ఊహల చిట్టా

పగటికలలు కనువారిని మన పెద్దలు పరిహసించినంతగా మఱెవ్వరిని పరిహసింపలేదు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అను సామెత బడిపిల్లలకును తెలిసినదే. పంచతంత్రములోని పేద బ్రాహ్మణుని కథ దీనికి తోబుట్టువు. అతడు పిండికుండను గోడకు వ్రేలగట్టి, దాని క్రింద మంచముపై పరుండి, పిండి అమ్మి మేకలను, మేకలనమ్మి ఆవులను, పిదప గుఱ్ఱములను, మేడను, ఇల్లాలిని, కుమారుని వరుసగ ఊహించుకొనెను. తుదకు ఊహలోని ఇల్లాలిని తన్నబోయి నిజమైన కుండను పగులగొట్టుకొనెను. తరగతిలో కిటికీవైపు చూచు బాలుని మనము మందలించునపుడు మన వెనుక నిలిచి పలికించునది ఈ కథయే.

కాని, నిదానించి చూచినచో ఆ బ్రాహ్మణుని దోషము కలగనుట కాదు. కలను అప్పుడే చేతికందిన సొత్తుగ భావించుట. కలను కలగా గుర్తించి, ఒకచోట వ్రాసియుంచి, మఱునాడు తెలివితో చూచుకొనియుండినచో కుండ మిగిలెడిది. మేకల బేరము సాగెడిదేమో కూడ!

ఈ తారతమ్యము వర్తకులకు బాగుగ తెలియును. దినదినము జరిగిన లావాదేవీలన్నియు వారు ముందుగ చిట్టాలో వ్రాసికొందురు. పిదప తీరికగ పద్దులు విడదీసి ఆవర్జాకెక్కింతురు. చిట్టాలో కొట్టివేతలుండవచ్చును, ఆవర్జాలో తప్పు దొరలరాదు. జర్మనీలోని గొట్టింగెన్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించిన లిహ్టెన్‌బెర్గ్ (1742–1799) ఈ వర్తక మర్యాదనే తన ఆలోచనలకు అన్వయించుకొనెను. ఇంగ్లీషు వర్తకుల చిత్తులెక్కల పుస్తకమును తలచుకొని, తానును అట్టి పుస్తకములను ముప్పదియేండ్లకు పైగ నడపెను. శాస్త్రసందేహములు, పరిహాసములు, రాత్రి వచ్చిన కలలు, సగములో ఆగిన వాక్యములు, అన్నియు వానిలో చోటు చేసికొన్నవి. ఆయన మరణానంతరము అచ్చయిన ఆ చిత్తువ్రాతలే నేడు ఆయనను జర్మను సాహిత్యమున చిరస్థాయిగ నిలుపుచున్నవి.

చిట్టానుండి ఆవర్జాకు పోవుదారి ఒక్కొక్కప్పుడు మిక్కిలి దీర్ఘము. చార్లెస్ డార్విన్ 1837లో ఒక చిన్న పుస్తకమున కొమ్మలు చీలిన చెట్టు బొమ్మ నొకదానిని గీసికొనెను. జీవజాతులన్నియు ఒకే మొదటినుండి శాఖలుగ చీలియుండవచ్చునను ఊహ అది. పరీక్షకు నిలిచి అది గ్రంథముగ వెలువడినది 1859లో. నడుమ 22 సంవత్సరములు! కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయమునుండి అదృశ్యమైన ఆ పుస్తకమును, దాని తోడి మఱియొకదానిని, 2022 మార్చిలో ఎవరో గులాబిరంగు సంచిలో పెట్టి గ్రంథాలయముననే విడిచిపోయిరి. చేతిలో ఇముడు చిత్తుపుస్తకము దొరికినదని విద్వల్లోకము పండుగ చేసికొనెను.

మన శ్రీనివాస రామానుజన్ కథ వేఱు. కాగితము కొనుటకు ధనము చాలక ఆయన పలకపై లెక్క చేసి, తుడిచివేసి, ఫలితమును మాత్రమే నోటుపుస్తకమునకెక్కించెను. మూడువేలకు పైబడిన ఆ ఫలితములలో పెక్కింటికి ఉపపత్తులు లేవు. అమెరికా గణితజ్ఞుడు బ్రూస్ బెర్న్‌ట్ వానిని పరిష్కరించి, 1985 మొదలు 1998 వఱకు ఐదు సంపుటములుగ ప్రకటించెను. చిట్టా ఒకరిది, ఆవర్జా వేఱొకరిది. ఆ పుస్తకములే లేకున్నచో రెండును ఉండెడివి కావు.

నేటి విద్యార్థికి ఇట్టి చిట్టా సెల్‌ఫోనులోనే ఉన్నది. కాగితపు కఱవు లేదు. వేడుకగ ఊహలు కూడబెట్టువారును కలరు. ఇది మెచ్చదగిన వ్యసనమే. అయితే రెండు చిక్కులున్నవి. వ్రేలితో తాకినంతనే పరుల సూక్తులు, పరుల చిత్రములు వందలుగ వచ్చి చేరును. ఇతరుల పద్దులతోనే నిండిన చిట్టాను చూచి ఆ అంగడి ఎవరిదని చెప్పగలము? రెండవది ఇంకను పెద్దది. బస్సుకై వేచియున్న పది నిమిషములు పూర్వము ఊహకు దక్కెడివి. నేడు వానిని ఆ ఫోనే హరించుచున్నది. తీరిక లేనిచోట పగటికల పుట్టదు. పుట్టనిదానిని ఎట్లు కూడబెట్టుట?

కావున విద్యార్థులు కాగితముపైననో ఫోనులోననో, తమకు తోచినది తమ మాటలలో, తేదీతో వ్రాసికొనవలెను. పరుల మాటయైనచో వారి పేరుంచవలెను. నెలకొకమారు వెనుకకు తిరిగి చదివి, నిలువదగినది ఎంచుకొని, తక్కినదానిని కొట్టివేయవలెను. కొట్టివేసినను కనబడునట్లే ఉంచుట మేలు. నేటి పొల్లు ఱేపు గింజ కావచ్చును.

ఉపాధ్యాయులకు ఒక్క మనవి. ఆ పుస్తకమును వ్రాయుమనుడు, వారానికొకమారు దానికై కొంత కాలమిండు. కాని దిద్దకుడు, మార్కులు వేయకుడు. మార్కులు పడునని తెలిసిన నాటినుండి బాలుడు మనకు నచ్చు ఆవర్జానే వ్రాయును. వాని చిట్టా మనకే కాదు, వానికిని దక్కకుండ పోవును.