సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? టైర్లు మెరుస్తున్నాయని టెంప్ట్ అవ్వొద్దు.. ముందు ఆ 4 అంకెలు చూడండి!

వెలిమెల, సంగారెడ్డి జిల్లా: పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో డ్యూటీకని సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ముందు చూసేది కిలోమీటర్ల రీడింగే. కానీ దాన్ని తగ్గించి చూపించే కేటుగాళ్లున్నారు. అసలు సంగతి టైర్ల దగ్గర బయటపడుతుంది. ఒక అంచు మాత్రమే అరిగిందంటే అలైన్‌మెంట్ తేడా ఉన్నట్టే. యాక్సిడెంట్‌లో సస్పెన్షన్ వంగినా ఇలాగే అరుగుతుంది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువతో నడిపారని, మధ్యలో అరిగితే ఎక్కువ కొట్టారని అర్థం.

మరి నాలుగూ కొత్త టైర్లయితే? అప్పుడే ఎక్కువ డౌట్ పడాలి. ఆధారాలు పాత టైర్లతోపాటే పోయినట్టు! ఖాళీ రోడ్డుపై నెమ్మదిగా నడిపి, కారు పక్కకు లాగుతోందేమో చూడండి. బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్‌లు లూజుగా ఉంటే అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా నిలవదు. డబ్బులు దండగ.

టైరు పక్కన డాట్ కోడ్ చివర 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందన్నమాట. గాడి బాగానే ఉన్నా ఏళ్లు గడిస్తే రబ్బరు గట్టిపడుతుంది. కొల్లూరు దగ్గర ఔటర్ ఎక్కి 100 దాటించారంటే, అలాంటి టైరు పేలే ప్రమాదం ఉంది. ఇక గాడి లోతు 1.6 మి.మీ. కంటే తగ్గితే రూల్స్ ప్రకారం మార్చాల్సిందే.

సైజు డోర్ దగ్గరి స్టిక్కర్‌లో ఉన్నదే తీసుకోండి. రెండే మార్చే బడ్జెట్ ఉంటే, ముందు చక్రాలే కారును లాగుతున్నా సరే, కొత్తవి వెనక్కే వేయించండి. వానలో వెనక టైర్లు పట్టు తప్పితే కారు గిర్రున తిరిగిపోతుంది.