ఇన్‌స్ట్రుమెంటేషన్ : పరిశ్రమ నాడి పట్టే వృత్తి

వైద్యుడు రోగి నాడిని పరీక్షించి శరీరంలోని మార్పులను గ్రహించినట్లే, పెద్ద పరిశ్రమల్లో ఉష్ణోగ్రత, పీడనం, ప్రవాహం, ద్రవమట్టం అనే నాలుగు అంశాలను నిరంతరం కొలుస్తూ ఉత్పత్తిని అదుపులో ఉంచవలసి ఉంటుంది. ఈ కొలతలను అందించే పరికరాలను, వాటి ఆధారంగా పనిచేసే నియంత్రణ వ్యవస్థలను నిర్వహించే రంగమే పారిశ్రామిక ఇన్‌స్ట్రుమెంటేషన్. విశాఖ ఉక్కు కర్మాగారం, విశాఖలోని చమురు శుద్ధి కర్మాగారం, రామగుండం, సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రాలు, మణుగూరు భారజల కర్మాగారం, హైదరాబాద్, పరవాడ పరిసరాల్లోని ఔషధ పరిశ్రమలు వంటివన్నీ ఈ వ్యవస్థలపైనే ఆధారపడి నడుస్తున్నాయి. అయినప్పటికీ పదో తరగతి పూర్తిచేసిన విద్యార్థులలోనూ, వారి తల్లిదండ్రులలోనూ ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ కోర్సులకు ఉన్నంత పరిచయం ఈ వృత్తికి లేదు. ఈ నేపథ్యంలో ఈ వృత్తి స్వరూపాన్ని, అందులోని బాధ్యతలను, అందుకు దారితీసే చదువులను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొలత ఎలా ప్రయాణిస్తుంది?

బాయిలరులోనో, రియాక్టరులోనో అమర్చిన సెన్సరు అక్కడి స్థితిని గ్రహిస్తుంది. ఉదాహరణకు, ప్లాటినం తీగతో తయారైన ఉష్ణోగ్రత సెన్సరు నిరోధం 0 డిగ్రీల సెల్సియస్ వద్ద 100 ఓములు ఉండి, 100 డిగ్రీల వద్ద సుమారు 138.5 ఓములకు పెరుగుతుంది. ఈ మార్పును ట్రాన్స్‌మీటర్ అనే పరికరం విద్యుత్ సంకేతంగా మార్చి కంట్రోల్ రూమ్‌కు పంపుతుంది. ప్రపంచవ్యాప్తంగా పరిశ్రమల్లో ఈ సంకేతానికి 4 నుండి 20 మిల్లీ ఆంపియర్ల ప్రమాణం ప్రధానంగా వాడుకలో ఉంది. కొలత పరిధిలో కనిష్ఠానికి 4, సగానికి 12, గరిష్ఠానికి 20 మిల్లీ ఆంపియర్లు వస్తాయి.

కనిష్ఠ విలువను సున్నాగా కాక 4గా నిర్ణయించడంలో ఎంతో ముందుచూపు ఉంది. తీగ తెగిపోతే సంకేతం సున్నాకు పడిపోతుంది. అప్పుడు అది నిజమైన తక్కువ కొలత కాదని, పరికరంలోనో తీగలోనో లోపం ఏర్పడిందని సిబ్బంది వెంటనే గుర్తించగలుగుతారు.

కంట్రోల్ రూమ్‌కు చేరిన కొలతను కంట్రోలరు నిర్దేశిత విలువతో పోల్చి, తేడా ఉన్నట్లయితే కంట్రోల్ వాల్వును కొంత తెరవమనో, కొంత మూయమనో ఆదేశిస్తుంది. పూర్వం గాలి పీడనంతో పనిచేసిన ఈ కంట్రోలర్ల స్థానంలో క్రమేణా ఎలక్ట్రానిక్ కంట్రోలర్లు ప్రవేశించాయి. 1960వ దశకం చివరలో పి.ఎల్.సి.లు, 1975లో డి.సి.ఎస్.గా వ్యవహరించే కంప్యూటర్ ఆధారిత నియంత్రణ వ్యవస్థలు వచ్చాయి. పరికరాలు మారినా కొలవడం, పోల్చడం, సరిదిద్దడం అనే మూడు మెట్లు మాత్రం మారలేదు.

నిర్వహణ సిబ్బంది విధులు

ఈ విభాగంలో ప్రధానమైన పని క్యాలిబ్రేషన్, అంటే పరికరం చూపే విలువను ప్రామాణిక పరికరంతో సరిపోల్చడం. 0 నుండి 10 కిలోల పీడనాన్ని కొలిచే ట్రాన్స్‌మీటరుకు సరిగ్గా 5 కిలోల పీడనం ఇచ్చినప్పుడు 12 మిల్లీ ఆంపియర్లు రావాలి. 12.4 వచ్చినట్లయితే కంట్రోల్ రూమ్ తెరపై 5.25 కిలోలుగా కనిపిస్తుంది. ఇక్కడ సుశిక్షితుడైన మెకానిక్ ముందుగా ఆ తప్పు విలువను రిజిస్టరులో నమోదు చేసి, ఆ తరువాతనే పరికరాన్ని సరిచేస్తాడు. సరిచేసిన విలువను మాత్రమే రాసి ఊరుకుంటే, ఆ పరికరం ఎంత కాలంలో ఎంత మేరకు తప్పుతున్నదో తెలుసుకునే అవకాశం శాశ్వతంగా పోతుంది.

దీనితోపాటు సెన్సరు నుండి వాల్వు వరకు గల మొత్తం వలయాన్ని పరీక్షించడం, అలారాలు నిర్ణీత విలువ వద్ద మోగుతున్నదీ లేనిదీ చూడడం, వాల్వులు ఇరుక్కుపోకుండా సంరక్షించడం, వార్షిక షట్‌డౌన్ సమయంలో పరికరాలన్నిటినీ తనిఖీ చేయడం ఈ సిబ్బంది విధులు. పని ప్రారంభించే ముందు పర్మిట్ తీసుకోవడం తప్పనిసరి. పనిచేస్తున్న ప్లాంటులో ఒక్క తీగను పొరపాటున విప్పినా మొత్తం యూనిట్ ఆగిపోయే అవకాశం ఉంది.

పర్యవేక్షకుని సంతకం విలువ

పర్యవేక్షక స్థాయి ఉద్యోగి పనిని పంచి ఇవ్వడంతోపాటు, ఏ పరికరం నమ్మదగినది, ఏది కాదు అనే విషయంపై సంతకం చేసి హామీ ఇవ్వవలసి ఉంటుంది. ఆ సంతకం ఎంత విలువైనదో తెలిపే ఘటన 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ చమురు శుద్ధి కర్మాగారంలో జరిగింది. 170 అడుగుల ఎత్తు గల స్తంభంలో ద్రవం 150 అడుగులు దాటి నిండిపోగా, కంట్రోల్ రూమ్ తెరపై మట్టం 10 అడుగుల లోపే ఉన్నట్లు, పైగా తగ్గుతున్నట్లు కనిపించింది. విడిగా అమర్చిన రెండవ అలారం కూడా మోగలేదు. ద్రవం పొంగి, ఆవిరి వ్యాపించి సంభవించిన పేలుడులో 15 మంది మరణించారు. యూనిట్‌ను ప్రారంభించే తొందరలో పరికరాల తనిఖీ పూర్తికాకుండానే, పూర్తయినట్లు పత్రాలలో నమోదైందని దర్యాప్తులో వెల్లడైంది.

మన రాష్ట్రానికీ ఇటువంటి అనుభవం లేకపోలేదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు కోల్పోయారు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ గుర్తించిన లోపాలలో ఉష్ణోగ్రత కొలతకు సంబంధించినది ఒకటి. ట్యాంకు అడుగు భాగంలో మాత్రమే ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు ఉండడంతో, మధ్య, పై భాగాలలో పెరుగుతున్న వేడి సిబ్బంది దృష్టికి రాలేదు. పరికరం ఉండడం ఒక్కటే చాలదనీ, అది ఉండవలసిన చోట ఉండాలనీ ఈ దుర్ఘటన తెలియజెప్పింది.

ఈ కారణంగానే ప్రమాదకర పరిశ్రమల్లో సాధారణ నియంత్రణ వ్యవస్థకు భిన్నంగా, ప్లాంటును సురక్షితంగా ఆపివేసే ప్రత్యేక భద్రతా వ్యవస్థను ఏర్పాటు చేస్తారు. కీలకమైన చోట్ల ఒకే కొలతకు మూడు ట్రాన్స్‌మీటర్లు అమర్చి, కనీసం రెండు ఏకీభవించినప్పుడే ప్లాంటు ఆగే విధానాన్ని అనుసరిస్తారు. మరమ్మతు కోసం ఈ భద్రతను తాత్కాలికంగా బైపాస్ చేయవలసి వస్తే లిఖితపూర్వక అనుమతి, కాలపరిమితి, తిరిగి పునరుద్ధరించినట్లు ధ్రువీకరణ అవసరం. ఉత్పత్తి ఆగకూడదన్న ఒత్తిడి ఎంత ఉన్నా ఈ విషయంలో రాజీపడకుండా "ఇప్పుడు కుదరదు" అని చెప్పగలగడం పర్యవేక్షకునికి ఉండవలసిన మొదటి అర్హత.

చదువులు, ప్రవేశ మార్గాలు

పదో తరగతి ఉత్తీర్ణులైనవారు పారిశ్రామిక శిక్షణ సంస్థల్లో 2 సంవత్సరాల ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ట్రేడులో చేరవచ్చు. రసాయన పరిశ్రమల కోసం ఇదే పేరుతో ప్రత్యేక ట్రేడు కూడా ఉంది. అనంతరం 1961 అప్రెంటిస్‌షిప్ చట్టం కింద పరిశ్రమలలో భృతితో కూడిన శిక్షణ పొందవచ్చు. ఐ.టి.ఐ. పూర్తిచేసినవారికి నిర్దేశిత అర్హతలకు లోబడి పాలిటెక్నిక్ రెండవ సంవత్సరంలో ప్రవేశించే సౌకర్యం ఉంది.

పాలిసెట్ ద్వారా అప్లైడ్ ఎలక్ట్రానిక్స్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమాలో ప్రవేశం లభిస్తుంది. పరిశ్రమల్లో పర్యవేక్షక ఉద్యోగాలకు ఇది అనువైన అర్హత. డిప్లొమా ఉత్తీర్ణులు ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. పట్టభద్రులకు గేట్ పరీక్షలో ఇన్‌స్ట్రుమెంటేషన్‌కు ప్రత్యేక పేపరు ఉంది. హైదరాబాద్‌లోని రామంతాపూర్‌లో గల జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ, పూర్వం ఎలక్ట్రానిక్స్, ప్రాసెస్ ఇన్‌స్ట్రుమెంటేషన్ ఉన్నత శిక్షణ సంస్థగా ఈ రంగంలో ప్రసిద్ధి పొందింది.

ఈ వృత్తిని ఎంచుకునేవారు కొన్ని విషయాలను ముందుగానే గమనించాలి. తీగల రంగులు, అలారం దీపాల రంగులు గుర్తించవలసి ఉన్నందున అనేక పరిశ్రమలు వైద్య పరీక్షలలో వర్ణదృష్టిని పరిశీలిస్తాయి. రాత్రి షిఫ్టులు, ఎత్తైన ప్రదేశాలలో పని, వేడి, శబ్దం తప్పవు. భౌతికశాస్త్రం, గణితంపై ఆసక్తి, డ్రాయింగులను చదివే నేర్పు, చూసినది చూసినట్లు రాసే అలవాటు అవసరం. 2017లో సౌదీ అరేబియాలోని ఒక పెట్రో రసాయన కర్మాగారంలో ఏకంగా భద్రతా కంట్రోలర్లపైనే సైబర్ దాడి జరిగిన దరిమిలా, కంప్యూటర్ నెట్‌వర్కుల రక్షణ కూడా ఈ సిబ్బంది నేర్వవలసిన విద్యలలో చేరింది.

కర్మాగారం ప్రహరీకి ఆవల నివసించే ప్రజలకు లోపలి పరికరాలు కనిపించవు, వాటిని సరిచూసే మెకానిక్ పేరు కూడా తెలియదు. అయినా వారి నిద్ర ఆ మెకానిక్ రాసిన అంకెపై ఆధారపడి ఉంటుంది. ఉపాధితోపాటు ఇంతటి సామాజిక బాధ్యతను వహించే ఈ వృత్తి వైపు ఆసక్తి గల యువతీ యువకులు దృష్టి సారించవలసిన అవసరం ఎంతైనా ఉంది. కోర్సులు, సీట్లు, ప్రవేశ తేదీల వివరాలకు సమీపంలోని ప్రభుత్వ ఐ.టి.ఐ. లేదా పాలిటెక్నిక్ ప్రిన్సిపాల్‌ను, జిల్లా ఉపాధి కల్పనాధికారిని సంప్రదించవచ్చు.