ఒకే ధర, రెండు ఆదాయాలు: మిర్చి యార్డులో కౌలు రైతు లెక్క

(మా వాణిజ్య విలేఖరి)

గుంటూరు మిర్చి యార్డులో ఉదయం పలికిన ధర, అది తేజ రకానికైనా 334 రకానికైనా, అందరికీ ఒకటే. ఆసామి తెచ్చిన టిక్కీకి ఒక ధర, కౌలు రైతు తెచ్చిన టిక్కీకి మరొక ధర ఏ కొనుగోలుదారూ చెప్పడు. రంగు చూస్తాడు, నిమ్ము చూస్తాడు, తాలు ఎంత వున్నదో చూస్తాడు. ఐనా ఒకే ఊరి నుంచి ఒకే రకం సరుకు తెచ్చిన యీ యిద్దరికీ సీజను చివర మిగిలేది ఒకటిగా వుండదు. సరుకు కాటా ఎక్కకముందే, అప్పు చిట్టాలోనే ఆ తేడా పుట్టి వుంటుంది.

ఉదాహరణకు యిద్దరూ ఎకరానికి లక్ష రూపాయల చొప్పున అప్పు తెచ్చి, 20 క్వింటాళ్ల చొప్పున పండించారనుకుందాం. పట్టాదారుకు బ్యాంకు పంట రుణం వున్నది. గడువులోగా కడితే వడ్డీ 4 శాతమే గనుక 10 నెలలకు సుమారు 3,333 రూపాయలు అవుతుంది. కౌలుదారు బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తే అదే 10 నెలలకు 20,000 రూపాయలు. అంటే క్వింటాలుకు 833 రూపాయలు వడ్డీలోనే తరిగిపోయాయి. కౌలు యింకా కలపలేదు. దానిని కూడా కలిపితే, ధర మందగించిన యేడు అతనికి అసలే మిగలదు.

రెండవ తేడా అమ్మే సమయంలో వున్నది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు యార్డు సరుకుతో నిండిపోతుంది. పెట్టుబడి యిచ్చిన కొట్టుకే సరుకు తోలాలన్న మాట మీద కౌలు రైతు అడ్వాన్సు తీసుకుని వుంటాడు కనుక, కల్లంలో కాయ ఆరీ ఆరకముందే బయలుదేరుతాడు. ఆసామి మాత్రం కోల్డ్ స్టోరేజిలో పెట్టి, రసీదు మీద అప్పు తెచ్చుకుని వేచి వుంటాడు. నిలవ పెట్టిన వారందరూ బాగుపడ్డారని చెప్పలేం. 2016లో మంచి ధర చూసి దాచుకున్నవారు 2017లో ఎంత పోగొట్టుకున్నారో యీ పేజీ చదివేవారికి వేరే చెప్పనక్కరలేదు. ఐతే వేచి వుండగలగడం ఒక స్తోమతు. ఆ స్తోమతు కౌలు రైతుకు లేదు.

2017 ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో ధర పడిపోయిందని రైతులు ఆగ్రహించి కార్యాలయాన్ని ధ్వంసం చేశారు. తర్వాత 10 మంది రైతులను బేడీలతో కోర్టుకు తెచ్చారు. మే నెలలో కేంద్రం క్వింటాలుకు 5,000 రూపాయల ధరపై ఆంధ్రప్రదేశ్‌లో 88,300 టన్నులు, తెలంగాణలో 33,700 టన్నులు కొనేందుకు అనుమతించింది. అప్పటికి చిన్నరైతుల సరుకు చాలావరకు చేతులు మారింది. 2025 ఫిబ్రవరిలో ధర మళ్లీ కుంగినపుడు ఆంధ్ర మిర్చికి 11,781 రూపాయల జోక్యపు ధర ప్రకటించారు.

ప్రభుత్వ సర్వే అంకెలు చూస్తే సంగతి మరింత తేటపడుతుంది. 2019 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో అప్పువున్న వ్యవసాయ కుటుంబాలు 50.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 93.2, తెలంగాణలో 91.7 శాతం. ఆంధ్రలో కుటుంబం సగటు అప్పు 2,45,554 రూపాయలు. దేశంలోకెల్లా యిదే అధికం. 2013 సర్వేలో యిది 1,23,400. అప్పు యించుమించు రెట్టింపైన ఆ కాలంలో ఆంధ్ర రైతు కుటుంబపు నెలసరి ఆదాయం 5,979 నుంచి 10,480 రూపాయలకు మాత్రమే పెరిగింది. పైగా యిది సగటు. పదెకరాల ఆసామినీ, ఎకరం కౌలుదారునీ ఒకే బస్తాలో పోసి తూచిన తూకం.

సహాయం కూడా భూమి వెంటే నడుస్తున్నది. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు ఎకరానికి సీజనుకు 4,000 రూపాయలు యిచ్చింది. పాసు పుస్తకంలో ఎన్ని ఎకరాలుంటే అంత సొమ్ము, కౌలుదారుకు లేదు. ఆంధ్రలో 2011 చట్టం రుణ అర్హత కార్డులు తెచ్చింది, 2019 చట్టం సాగుదారు హక్కు పత్రాలు తెచ్చింది. ఈ రెండవదానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయం యజమానిది. అడిగితే వచ్చే యేడు కౌలు యివ్వడేమోనన్న భయం రైతుది. కాగితం లేక బ్యాంకు తలుపు తెరవనపుడు పెట్టుబడి పెట్టేది కమీషన్ కొట్టే. కొట్టుకూ యిది సుఖమైన బేరం కాదు. పంట దెబ్బతింటే తాకట్టు లేని ఆ బాకీ ఏళ్ల తరబడి పుస్తకంలో నిలిచిపోతుంది.

మేలో యార్డుకు వేసవి సెలవులు వచ్చేసరికి కౌలు రైతు సరుకు అమ్ముడై, పట్టీ బాకీకి జమపడి వుంటుంది. అప్పటి నుంచి తొలకరి దాకా యిల్లు గడిచేది కూలి డబ్బుతోనే. దేశం మొత్తం మీద కూడా 2019 సర్వేలో వ్యవసాయ కుటుంబానికి పంట మీద నెలకు 3,798 రూపాయలు వస్తే, కూలి, జీతాల మీద 4,063 వచ్చాయి. సెలవుల తర్వాత శీతల గిడ్డంగుల నుంచి దిగే టిక్కీల్లో కౌలు రైతువి అరుదు. ఆ రోజుల్లో అతను యార్డుకు వచ్చేది వచ్చే పంటకు అడ్వాన్సు అడగడానికి.