వృత్తాకార ప్రయాణ టికెట్టు

వృత్తాకార ప్రయాణ టికెట్టు అనగా ఒక స్టేషనులో బయలుదేరి, మార్గంలో పలు పట్టణాలను చూసుకుంటూ, వేరొక దారిన తిరిగి అదే స్టేషనుకు చేరుకునే ప్రయాణికులకు భారతీయ రైల్వే ఇచ్చే ఒకే టికెట్టు. దీనిపై గరిష్ఠంగా 8 చోట్ల దిగి ఆగవచ్చు. అన్ని తరగతులకూ లభిస్తుంది. వేసవి సెలవులలో కుటుంబంతో తీర్థయాత్రకో, విహారయాత్రకో వెళ్ళదలచిన వారికి ఇది ఎంతో ఉపయోగకరమైనదే అయినా, దీనిని గురించి తెలిసినవారు తక్కువ.

సాధారణ టికెట్టుతో భేదం

సాధారణ టికెట్టు మీద కూడా మధ్యలో ఆగే సౌకర్యం ఉంది గాని అది పరిమితం. దూరం 500 కి.మీ. దాటితే ఒకసారి, 1000 కి.మీ. దాటితే రెండుసార్లు, ఒక్కొక్కచోట 2 రోజుల వరకు ఆగవచ్చు. మొదటి విరామం 500 కి.మీ. ప్రయాణించిన తరువాతనే. ఇంతకు మించి పట్టణాలు చూడదలచినవారు ప్రతి మజిలీకి విడిగా టికెట్టు కొనవలసి వస్తుంది. అక్కడే ఖర్చు పెరుగుతుంది.

ఛార్జీ లెక్కించే విధానం

రైల్వే ఛార్జీలలో దూరం పెరిగే కొద్దీ కిలోమీటరుకు పడే రేటు తగ్గుతూ పోతుంది. 2000 కి.మీ. ప్రయాణానికి అయ్యే ఛార్జీ, 200 కి.మీ. ప్రయాణపు ఛార్జీకి పది రెట్లు ఉండదు, చాలా తక్కువగా ఉంటుంది. వృత్తాకార టికెట్టుకు మొత్తం దూరాన్ని రెండు సమభాగాలు చేసి, రెండు ఏకమార్గ ప్రయాణాలుగా లెక్కిస్తారు. ఉదాహరణకు చుట్టు మొత్తం 4000 కి.మీ. అనుకుంటే, రెండు 2000 కి.మీ. ప్రయాణాల ఛార్జీ పడుతుంది. అదే దూరాన్ని తొమ్మిది ముక్కలుగా కొంటే ప్రతి ముక్కకూ తొలి కిలోమీటర్ల ఎక్కువ రేటే వర్తిస్తుంది. అయితే రిజర్వేషను రుసుము, సూపర్‌ఫాస్టు రుసుము వంటివి మజిలీ మజిలీకి వేరుగా చెల్లించాలి.

ఇటలీ వంటి దేశంలో లెక్క వేరు. రోమ్ నుండి ఫ్లోరెన్సుకు సుమారు గంటన్నరలో చేర్చే ఫ్రెచ్చారోస్సా, ఇటాలో వంటి వేగపు రైళ్ళలో టికెట్టు ధర రైలును బట్టి, ఎంత ముందుగా కొన్నారన్న దానిని బట్టి మారుతుంది. అక్కడ మజిలీలను విడివిడిగా, ముందుగా కొనుక్కోవడమే లాభం. మన దేశంలో దూరాన్ని కలిపి కొనడం లాభం.

ఇచ్చోడ నుండి ఒక చుట్టు

ఆదిలాబాదు జిల్లాలోని ఇచ్చోడ 44వ జాతీయ రహదారిపై ఉన్న మండల కేంద్రం. ఇక్కడ రైల్వే స్టేషను లేదు. నిర్మల్ మీదుగా ఆదిలాబాదు–ఆర్మూరు రైలు మార్గం ప్రతిపాదన చాలాకాలంగా ఉన్నా మార్గం పడలేదు. కనుక బస్సులో సుమారు 30 కి.మీ. దూరంలోని ఆదిలాబాదు చేరి, అక్కడి నుండే చుట్టును మొదలుపెట్టాలి. ముద్ఖేడ్–మాజ్రీ మార్గంలో ఉండటం వలన ఆదిలాబాదు ఇందుకు అనువైనది: ఒక వైపు నాగపూరుకు, మరొక వైపు నిజామాబాదు మీదుగా సికింద్రాబాదుకు దారి ఉంది. వెళ్ళిన దారిన తిరిగి రానక్కరలేదు.

కాశీయాత్రనే తీసుకుంటే ఆదిలాబాదులో బయలుదేరి నాగపూరు, ప్రయాగ్‌రాజ్, వారణాసి, గయ, హౌరా, భువనేశ్వరం, విశాఖపట్నం, సికింద్రాబాదులలో ఆగుతూ తిరిగి ఆదిలాబాదు చేరవచ్చు. విరామాలు సరిగ్గా ఎనిమిది. పూరీ ప్రధాన మార్గం మీద లేదు, ఖుర్దా రోడ్డు నుండి చీలిన మార్గంలో ఉంది. కనుక భువనేశ్వరంలో దిగి, పూరీకి వేరుగా పోయి రావడం సులభం. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసులో బయలుదేరి, హైదరాబాదు, నిర్మల్, నాగపూరుల మీదుగా కాశీకి వెళ్ళి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. పదిహేను నెలలు పట్టిన ఆ యాత్రలోని ముఖ్య క్షేత్రాలను నేటి కుటుంబం సెలవులలోనే చూసి రాగలదు.

తిరుపతికి వెళ్ళి వచ్చేవారికి మాత్రం ఈ టికెట్టుతో పని లేదు. ఆదిలాబాదు–తిరుపతి మధ్య నడిచే కృష్ణా ఎక్స్‌ప్రెస్‌కు రానుపోను రిజర్వేషను చేయించుకుంటే చాలు.

పొందే విధానం

ఈ టికెట్టు ఇంటర్నెట్‌లో లభించదు. ముందుగా మజిలీలు, తేదీలు, రైళ్ళు, తరగతి, ప్రయాణికుల వయస్సులు రాసుకుని డివిజనల్ కమర్షియల్ మేనేజరుకు గాని, పెద్ద స్టేషన్ల మేనేజర్లకు గాని దరఖాస్తు చేయాలి. ఆదిలాబాదు దక్షిణ మధ్య రైల్వే నాందేడ్ డివిజనులో ఉంది. వారు ఛార్జీ లెక్కగట్టి నిర్ణీత పత్రం ఇస్తారు. దానిని బయలుదేరే స్టేషను బుకింగు ఆఫీసులో చూపి టికెట్టు కొని, ఆ తరువాత రిజర్వేషను కౌంటరులో ఒక్కొక్క మజిలీకి బెర్తులు తీసుకోవాలి. టికెట్టు చేతికి వచ్చినంత మాత్రాన బెర్తు దొరికినట్లు కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

బెర్తుల సమస్య

ముందస్తు రిజర్వేషను గడువును 2024 నవంబరు 1 నుండి 120 రోజుల నుండి 60 రోజులకు తగ్గించారు. మే 1న బయలుదేరే రైలుకు మార్చి 2న రిజర్వేషను మొదలవుతుంది, అంటే పిల్లల పరీక్షలు ముగియక ముందే. ఇరవై రోజుల యాత్ర అయితే మే 20 నాటి చివరి మజిలీకి మార్చి 21 వరకు వేచి ఉండాలి. అప్పటిదాకా ఆగి అన్నీ ఒకేసారి చేయిద్దామనుకుంటే తొలి మజిలీల బెర్తులు నిండిపోవచ్చు. కౌంటరుకు రెండు మూడు సార్లు తిరగడానికి సిద్ధపడటమే మేలు. వారణాసి, హౌరా వంటి రద్దీ మజిలీల తేదీలను ముందు ఖాయం చేసుకుని, మిగిలినవాటిని వాటికి తగ్గట్టు సర్దుకోవాలి. రైలు ఆలస్యమైతే తరువాతి బెర్తులు చేజారకుండా, దూరపు మజిలీ తరువాత ఒక రాత్రి విడిది ఉంచుకోవాలి. మే నెలలో నాగపూరు, గయ ప్రాంతాల ఎండ తీవ్రమైనది. వృద్ధులు, పసిపిల్లలు ఉంటే పగటి స్లీపరు ప్రయాణం తగదు.

పిల్లలు, వృద్ధులు

5 సంవత్సరాల లోపు పిల్లలకు విడిగా బెర్తు కోరకపోతే టికెట్టు అక్కరలేదు. 5 నుండి 12 సంవత్సరాల లోపు వారికి బెర్తు కావాలంటే 2016 ఏప్రిల్ నుండి పూర్తి ఛార్జీ పడుతోంది, బెర్తు వద్దంటే సగం. వృద్ధులకు ఉండిన రాయితీని (పురుషులకు 40 శాతం, స్త్రీలకు 50 శాతం) 2020 మార్చిలో నిలిపివేశారు. తాతలు, నాయనమ్మలతో కలిసి బయలుదేరే కుటుంబాలకు ఇది చిన్న లోటు కాదు. అందుచేత దూరాన్ని కలిపి కొనడం వలన మిగిలే సొమ్ము వారికి మునుపటి కంటే ముఖ్యమైంది.